పురుగు వాసన పట్టే దారిలో బుట్ట కట్టడం, ఎర పంట వేయడం ఎలా?

"ఎకరాకు నాలుగు బుట్టలు కట్టినాము. బుట్టల్లో రెక్కల పురుగులు బాగానే పడ్డాయి. అయినా కాయలో పురుగు ఆగలేదు. ఎందుకు?" ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పలమనేరు, వి.కోట వైపు టమాటా రైతులైనా, బంగారుపాళెం, దామలచెరువు వైపు మామిడి రైతులైనా మళ్ళీ మళ్ళీ అడిగేది ఇదే. దీనికి జంటగా ఇంకో ప్రశ్న వస్తుంది: "నెలయింది, బుట్టలో ఒక్క పురుగూ పడలేదు. ఎర నకిలీదా?"

రెండింటికీ జవాబు పురుగు వాసన పట్టే తీరులోనే ఉంది. లింగాకర్షక బుట్టలోని ఎర ఆడ పురుగు వాసన వేస్తుంది, అందుకే మగ పురుగులే వచ్చి పడతాయి. గుడ్లు పెట్టే ఆడ పురుగుకు ఆ ఎరతో పని లేదు. అది మీ పైరు వాసన పట్టుకొని వస్తుంది, ఆకు మీద వాలి కాళ్ళతో రుచి చూస్తుంది, నచ్చితే గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు మళ్ళీ నోటితో రుచి చూసుకొని తినడం మొదలు పెడుతుంది. అంటే మనం అడ్డుపడగలిగిన చోట్లు మూడు. మగ పురుగుకు బుట్ట, ఆడ పురుగుకు ఎర పంట, పిల్ల పురుగుకు వేప కషాయం. బుట్ట ఒక్కటే కట్టి మిగతా రెండూ వదిలేస్తే పై మొదటి ప్రశ్న తప్పదు.

తెలుసుకోవాల్సిన సిద్ధాంతం ఇంకొక్క ముక్కే. పురుగుకు వాసన పట్టే అవయవం తల మీది మీసాలు. గాలికి ఎదురుగా ఎగురుతూ వాసన ఉన్న పోగును పట్టుకొని వస్తుంది, పోగు తెగితే అటూ ఇటూ వెతుకుతుంది. ఒక్కో పురుగు ఒక్కో వాసననే తన పంట గుర్తుగా పెట్టుకుంటుంది. క్యాబేజీ, ఆవాల్లో ఉండే ఘాటు చాలా పురుగులకు విషం, కానీ డైమండ్ మచ్చల రెక్కల పురుగుకు అదే చిరునామా. అందుకే ఏ ఎర ఏ పురుగుకో తెలియకుండా ఏదీ కొనకండి.

ముందు ఏ పురుగో తేల్చుకోండి

టమాటాలో కాయకు గుండ్రటి పెద్ద రంధ్రం, పురుగు సగం లోపల, సగం బయట ఉంటే అది శనగపచ్చ పురుగు, మనం కాయతొలుచు పురుగు అనేది. ఆకు మీద తెల్లటి మచ్చ పొక్కులాగా వెడల్పుగా ఉండి, లోపల నల్లటి రెట్టతో చిన్న పురుగు కనిపిస్తే, కాయకు తొడిమ దగ్గర గుండుసూది మొన అంత రంధ్రాలుంటే అది టూటా. చాలా ఊళ్ళలో దీన్నీ ఊజి అనే అంటారు, పట్టుపురుగులకు పట్టే ఊజీ ఈగకూ దీనికీ సంబంధం లేదు. ఆకు మీద పాము పాకినట్టు సన్నటి వంకర గీత ఉంటే టూటా కాదు, ఆకు తొలిచే ఈగ. దానికి టూటా ఎర కట్టి ఉపయోగం లేదు.

వేరుశనగలో ఆకులు జల్లెడలా మారితే పొగాకు లద్దె పురుగు. మామిడి కాయ మీద సూది గుచ్చినట్టు మచ్చ, కోస్తే లోపల దంతం రంగు పురుగులు, నేల మీద వేస్తే ముడుచుకొని ఎగిరి గెంతితే పండు ఈగ.

పండు ఈగల్లోనే పెద్ద పొరపాటు జరుగుతుంది. మామిడి, జామ ఈగలకు మిథైల్ యూజినాల్ ఎర. కాకర, బీర, దోస, సొరకు వచ్చే ఈగకు క్యూలూర్ ఎర. మామిడి ఎర తెచ్చి కాకర పందిరికి కడితే బుట్ట ఖాళీగానే ఉంటుంది, కాయలు కుళ్ళుతూనే ఉంటాయి. ఎర నకిలీదని అంగడి వాళ్ళతో గొడవకు పోయే ముందు డబ్బా మీద పేరు చూడండి.

ఇంకో మాట. పసుపు, నీలం జిగురు అట్టలు వాసనతో పని చేసేవి కావు, రంగుతో చేసేవి. పసుపు తెల్లదోమకూ పేనుబంకకూ, నీలం తామర పురుగుకూ. వాటిని బుట్టల లెక్కలో కలపకండి.

కావాల్సినవి, టమాటా ఎకరాకు

- గరాటు బుట్టలు 4 నుంచి 5. మూత, గరాటు, కింద పొడవాటి పాలిథిన్ సంచి ఉండేవి.
- శనగపచ్చ పురుగు ఎర బిళ్ళలు, బుట్టకు ఒకటి, పంట కాలానికి సరిపడా మూడు నాలుగు మార్పులు.
- ఊతకర్రలు, పైరు పెరిగే కొద్దీ బుట్టను జరుపుకునేలా ఆరడుగులవి.
- శుభ్రమైన చేతి తొడుగులు లేదా చిన్న పట్టకారు.
- రబ్బరు బ్యాండ్లు, అగరుబత్తి కట్ట, నోటు పుస్తకం.
- పొడుగు జాతి ఆఫ్రికా బంతి నారు.
- వేప గింజల పొడి 5 కిలోలు, పాత పల్చటి గుడ్డ, 100 గ్రాముల సబ్బు పొడి.

ఎర బిళ్ళలు అల్యూమినియం పొట్లంలో వస్తాయి. అంగడిలో ఎండ పడే అద్దాల బీరువాలో ఉంచినవి తీసుకోకండి. తయారీ తేదీ చూడండి. ఇంటికి తెచ్చాక పొట్లం చించకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. రెండు రకాల పురుగుల ఎరలు ఒకే డబ్బాలో వేయవద్దు, ఒక వాసన ఇంకోదానికి అంటుకుంటే రెండూ చెడతాయి.

టమాటాలో బుట్టలు కట్టడం

1. నారు నాటిన రెండు మూడు వారాలకు, పూత రాకముందే కట్టండి. పూత వాసనకే ఆడ పురుగులు ఎక్కువగా వస్తాయి. కాయ కనిపించాక కడితే లెక్క ఆలస్యంగా మొదలవుతుంది.

2. గాలి చూసుకోండి. సాయంత్రం పొద్దు గుంకాక అగరుబత్తి వెలిగించి, బుట్ట కట్టదలచిన ఎత్తులో పట్టుకొని రెండు నిమిషాలు నిలబడండి. పొగ ఎటు పోతుందో ఎర వాసనా అటే పోతుంది. ఆ పోగు మీ చేను మీదుగా పోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వైపు పడమటి గాలి ఎక్కువ, కాబట్టి రెండు బుట్టలు చేను పడమటి వైపు, మిగతావి నడుమ పెట్టండి. ఈశాన్య గాలి మొదలయ్యాక తూర్పు, ఉత్తరం వైపుకు మార్చుకోండి. ఇదేం పెద్ద పని కాదు, కానీ చేసేవాళ్ళు తక్కువ. అన్ని బుట్టలూ దారి పక్క గట్టు మీదే కట్టి, వాసనంతా పక్క కయ్య మీదికి పోనిస్తున్న చేలు ఎన్నో.

3. బుట్ట మూత పైరు కొనకు అడుగు ఎత్తున ఉండాలి. పైరు పెరిగితే బుట్టనూ పైకి జరపాలి. టమాటా కట్టెల మధ్య ఆకుల్లో మునిగిపోయిన బుట్టకు వాసన బయటికి రాదు.

4. ఎర బిళ్ళను చేతి తొడుగుతోనో పట్టకారుతోనో తీసి మూత లోపలి గుంటలో దిగేసి అదమండి. బీడీ తాగిన చేతితో, మందు కలిపిన చేతితో, పసుపు కుంకుమ అంటిన చేతితో ముట్టుకోవద్దు. బిళ్ళలోని మందు పరిమాణం మిల్లీ గ్రాముల్లో ఉంటుంది, దాని మీద పడ్డ పరాయి వాసన చిన్నదేమీ కాదు.

5. సంచి కింది మూతి మడిచి రబ్బరు బ్యాండు వేయండి. ఇది మరిచిపోతే పురుగులు పై నుంచి పడి కింది నుంచి ఎగిరిపోతాయి. బుట్ట ఖాళీగా ఉందన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఈ రబ్బరు బ్యాండే.

6. బుట్టకూ బుట్టకూ కనీసం యాభై అరవై అడుగుల దూరం ఉండాలి. ఒకే బుట్టలో రెండు రకాల ఎరలు వేయకండి. వీధి దీపం, ఇంటి దీపం పక్కన కట్టవద్దు.

7. మూడు నాలుగు వారాలకొకసారి ఎర మార్చండి. ఎండాకాలంలో మూడు వారాలకే. తీసిన పాత బిళ్ళను చేలో పారేయకూడదు. దానిలో వాసన ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది, మగ పురుగు నేల మీదికి దిగి దాని చుట్టూ తిరుగుతుంది. పొట్లంలో చుట్టి, చేనికి దూరంగా పూడ్చండి.

8. సంచిని రెండు రోజులకొకసారి ఖాళీ చేయండి. చచ్చిన పురుగులు కుళ్ళితే ఆ వాసనకు కొత్తవి దగ్గరికి రావు.

లెక్క పెట్టేటప్పుడు పడిన ప్రతి రెక్కల పురుగునూ కలపకండి. శనగపచ్చ పురుగు మగది గడ్డి రంగుకో ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకో ఉంటుంది, కింది రెక్క లేత రంగు, దాని అంచున నల్లటి పట్టీ. పొగాకు లద్దె పురుగు ముందు రెక్కల మీద తెల్లటి అడ్డదిడ్డం గీతలుంటాయి, కింది రెక్కలు తెల్లగా ఉంటాయి. వాన పడిన రాత్రి, గాలి బలంగా వీచిన రాత్రి లెక్క తక్కువ వస్తుంది, ఆ రోజు చూసి పురుగు పోయిందనుకోవద్దు.

బుట్టకు రోజుకు 8 నుంచి 10 శనగపచ్చ రెక్కల పురుగులు, వరసగా మూడు రోజులు పడితే అది హెచ్చరిక. మందు కొట్టే ముందు మరునాటి పొద్దున చేలోకి దిగి గుడ్లు చూడండి. కొన దగ్గరి లేత ఆకుల మీద, పూగుత్తుల పక్కన గసగసాల గింజంత, పసుపు కలిసిన తెలుపు రంగులో ఒక్కొక్కటిగా ఉంటాయి. కొత్తది తెల్లగా, పొదగబోయేది గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. పిల్ల పురుగు కాయలోకి దూరక ముందు బయట తిరిగే కొద్ది రోజులే మీకు దొరికే సమయం. బుట్ట అసలు పని ఆ రోజులను మీకు చూపించడమే. నాలుగు బుట్టలతో మగ పురుగులన్నిటినీ ఏరేస్తామని ఎవరు చెప్పినా నమ్మకండి. ఒక మగ పురుగు చాలా ఆడవాటితో కలుస్తుంది, చుట్టుపక్కల చేల నుంచి కలిసిన ఆడ పురుగులు గుడ్లతోనే ఎగిరి వస్తాయి.

టూటాకు నీళ్ళ పళ్ళెం

టూటా రెక్కల పురుగు చిన్నది, నేలకు దగ్గరగా ఎగురుతుంది. దీనికి గరాటు బుట్ట కన్నా నీళ్ళ పళ్ళెం మేలు. వెడల్పాటి ప్లాస్టిక్ బేసినులో నీళ్ళు పోసి, ఒక చెంచా సబ్బు నీళ్ళు కలపండి, సబ్బు లేకపోతే పురుగు నీటి మీదే తేలి ఎగిరిపోతుంది. టూటా ఎర బిళ్ళను తీగకు గుచ్చి నీటికి రెండంగుళాల పైన వేలాడదీయండి. బేసిను నేల మీదో ఇటుక మీదో ఉంటే చాలు. మూడు రోజులకొకసారి నీళ్ళు చూడాలి, మన ఎండకు త్వరగా ఆరిపోతాయి. గమనించడానికి ఎకరాకు 3 లేదా 4, మూకుమ్మడిగా పట్టాలంటే 16 దాకా. నర్సరీలో నారు నుంచే మొదలు పెట్టడం మంచిది, చేలోకి వచ్చే టూటా చాలాసార్లు నారుతోనే వస్తుంది.

బంతి వరస: ఆడ పురుగును పక్కకు పిలవడం

ఇది బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తీర్చిదిద్దిన పద్ధతి. 16 సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి. కుదరాల్సింది వయసు: 25 రోజుల టమాటా నారుతో పాటు 45 రోజుల బంతి నారు నాటాలి. అంటే టమాటా విత్తనం పోయడానికి 20 రోజుల ముందే బంతి విత్తనం పోయాలి. టమాటా పూతకు వచ్చే వేళకు బంతి విప్పారి ఉంటేనే కాయతొలుచు పురుగు తల్లి బంతి మీద గుడ్లు పెడుతుంది.

చెడేది ఎక్కడంటే:

రెండు నార్లూ ఒకే రోజు పోస్తారు. టమాటా ముందు పూస్తుంది, బంతి మొగ్గ కూడా వేయదు. అప్పుడు ఆ బంతి ఉన్నా లేకున్నా ఒకటే.

పొట్టి రకం బంతి వేస్తారు. పొడుగ్గా పెరిగి పసుపు, నారింజ రంగుల్లో పెద్ద పూలు పూసే ఆఫ్రికా బంతి కావాలి.

పూలకు ధర ఉంది కదా అని పండుగ ముందు ఒకేసారి మొత్తం కోసేస్తారు. పూలు కోయడం తప్పు కాదు, వాటితో పాటు గుడ్లూ పిల్ల పురుగులూ పోతాయి కూడా. కానీ పూలన్నీ ఒకే రోజు పోతే ఆ రాత్రి వచ్చిన తల్లి పురుగుకు మిగిలేది టమాటాయే. వరస విడిచి వరస కోయండి.

బంతిని గాలికొదిలేస్తారు. ఎర పంట మీద చేరిన పురుగును అక్కడే ఆపకపోతే మీరు పురుగుకు పుట్టిల్లు కట్టిచ్చినట్టే. వారానికి రెండుసార్లు మొగ్గలు విప్పి చూసి ఏరండి, లేదా బంతి సాళ్ళకు మాత్రం శనగపచ్చ పురుగు ఎన్‌పీవీ (పురుగుకు జబ్బు తెచ్చి చంపే వైరసు) ద్రావణం సాయంత్రం పూట కొట్టండి. మోతాదు డబ్బా మీద ఉన్నంతే, దానికి లీటరుకు 10 గ్రాముల బెల్లం కలపండి. బెల్లం రుచికి పురుగు ఎక్కువ ఆకు తింటుంది, వైరసు ఎక్కువగా లోపలికి పోతుంది.

క్యాబేజీకి ఇదే పద్ధతిలో ఆవాలు. 25 సాళ్ళ క్యాబేజీకి రెండు సాళ్ళ ఆవాలు. ఒకటి నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు విత్తాలి. రెండోది ఎందుకంటే మొదటిది ముదిరి ఎండితే ఘాటు తగ్గి పురుగు క్యాబేజీ వైపు మళ్ళుతుంది.

టమాటా పక్కనే అనప వేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అనప కూడా శనగపచ్చ పురుగుకు ఇష్టమైనదే. అనప పూతలో ఉండగా పక్క టమాటాలో పురుగు తగ్గినట్టు కనిపిస్తే, అది అక్కడ చేరి ఉండవచ్చు. అనప పూగుత్తులు విప్పి చూడకుండా సంబరపడకండి.

వేరుశనగలో ఆముదం

విత్తనం వేసిన రోజే గట్ల వెంబడి, ఎకరాకు నూరు దాకా ఆముదం గింజలు గుచ్చండి. ఆముదం ఆకు వెడల్పు, పొగాకు లద్దె పురుగు తల్లి దాన్నే ముందు ఎంచుకుంటుంది.

చూడాల్సిన పద్ధతి ఇది. పొద్దున పూట, ఆకును కొమ్మ నుంచి తుంచకుండా వెనక్కి తిప్పండి. అడుగున గోధుమ రంగు నూగుతో కప్పిన, వేలి గోరంత మచ్చ కనిపిస్తుంది, దుప్పటి ముక్క అంటించినట్టు ఉంటుంది. అది గుడ్ల గుంపు, ఒక్కోదానిలో రెండు మూడు వందల గుడ్లు. ఆ నూగు తల్లి పురుగు తన ఒంటి మీద నుంచి రాల్చినది. ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమైతే అదే ఆకు పచ్చదనం గీకేసి తెల్లటి జల్లెడాకు అవుతుంది, దాని మీద చిన్న పురుగులు గుంపుగా ఉంటాయి. ఆ దశ దాకా ఒక ఆకు తుంచి సబ్బు నీళ్ళ బకెట్టులో వేస్తే రెండు వందల పురుగులు పోయినట్టే. ఆ తర్వాత అవి విడిపోయి వేరుశనగలోకి దిగుతాయి, ఇక చేతితో ఏరడం అయ్యే పని కాదు. వారానికి రెండుసార్లు తిరగడం అందుకే.

విడిపోయిన పెద్ద పురుగు పగలు మట్టి పెళ్ళల కింద దాక్కుంటుంది, మందు తగలదు. దానికి విషపు ఎర. ఎకరాకు 5 కిలోల వరి తవుడు, అర కిలో బెల్లం, 500 మి.లీ. క్లోరిపైరిఫాస్. బెల్లం కరిగించిన నీళ్ళు తగినన్ని పోసి, చేతి తొడుగులతో పిసికి, పిడికిట్లో ఉండ కట్టేంత ముద్దగా చేయండి. నీళ్ళు ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే పొడిగా చెదిరిపోతుంది. చిన్న ఉండలుగా చేసి సాయంత్రం అయిదు తర్వాత సాళ్ళలో చల్లండి. పొద్దున చల్లితే ఎండకు ఎండి గట్టి పడుతుంది, రాత్రి వచ్చే పురుగు ముట్టుకోదు. ఆ చేలోకి పశువులు, మేకలు, కోళ్ళు రాకుండా మూడు నాలుగు రోజులు కాపలా ఉండాలి. నెమళ్ళు తిరిగే చోట ఇది వద్దే వద్దు, ఆముదం మీద ఏరడంతోనే సరిపెట్టుకోండి. కలిపిన గిన్నెను మళ్ళీ ఇంట్లో వాడకూడదు.

శ్రీకాళహస్తి, ఏర్పేడు వైపు వరి రైతులకు కాండం తొలిచే పురుగు విషయంలో ఒక్క ముక్క: గమనించడానికి ఎకరాకు 3 బుట్టలు చాలు. వారానికి బుట్టకు 25 నుంచి 30 మగ పురుగులు పడితే చర్య తీసుకోవాలి. మిగతా జాగ్రత్తలన్నీ టమాటాలో చెప్పినవే.

మామిడి తోటలో పండు ఈగ

మిథైల్ యూజినాల్‌ది చిత్రమైన సంగతి. మగ ఈగ దాన్ని నాకి, దానితోనే ఆడ ఈగను పిలిచే తన సొంత వాసన తయారు చేసుకుంటుంది. తులసి ఆకులో కూడా ఈ పదార్థం ఉంటుంది, పొద్దున పూట ఇంటి ముందు తులసి కోట మీద ఈగలు వాలి ఉంటే కారణం అదే. ఆడ ఈగ మాత్రం పండబోయే కాయ వాసనకే వస్తుంది.

1. కోతకు 45 నుంచి 60 రోజుల ముందే బుట్టలు కట్టండి. తోతాపురి కోత జూన్, జులైలో కాబట్టి ఏప్రిల్ చివరికల్లా. బేనీషా ఉంటే ఇంకా ముందు.

2. సిద్ధంగా అమ్మే ఎర చెక్కలు కొనుక్కోవడమే మేలు. చేసుకోవాలంటే 5 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు, 1.2 సెం.మీ. మందం ప్లైవుడ్ ముక్కలను, ఆల్కహాలు 6 పాళ్ళు, మిథైల్ యూజినాల్ 4 పాళ్ళు, మలాథియాన్ 1 పాలు కలిపిన ద్రావణంలో 48 గంటలు మూతపెట్టి నానబెట్టాలి. చేతి తొడుగులు తప్పనిసరి, ఇంటి లోపల చేయవద్దు. మామూలు టేకు చెక్క, మామిడి చెక్క వాడితే ద్రావణం లోపలికి సరిగా దిగదు.

3. లీటరు నీళ్ళ సీసా పై భాగంలో నాలుగు వైపులా చిటికెన వేలు దూరేంత రంధ్రాలు, అడుగున వాన నీరు కారిపోయేలా సూది రంధ్రాలు చేయండి. చెక్కను తీగకు కట్టి మూత నుంచి లోపలికి దించండి. సీసాను వేలాడదీసే తీగకు గ్రీజు పూయండి. గ్రీజు లేకపోతే చీమలు ఒక్క రాత్రిలో చచ్చిన ఈగలన్నీ మోసుకుపోతాయి, మీకు సీసా ఖాళీగా కనిపిస్తుంది.

4. ఎకరాకు 4 నుంచి 6, ఈగ ఎక్కువున్న తోటలో 10 దాకా. ఛాతీ ఎత్తు నుంచి తల ఎత్తు మధ్య, కొమ్మల నీడలో. నేరుగా ఎండ పడితే ఎర త్వరగా ఆవిరవుతుంది. ఆకులు సీసాను మూసేయకుండా చూడండి. నెలన్నరకొకసారి చెక్క మార్చాలి.

5. ఆడ ఈగకు వేరే ఏర్పాటు కావాలి. దానికి ఆకలి ఎక్కువ. చెట్టు మీద కొట్టడానికి ఇదివరకు బెల్లం నీళ్ళలో మలాథియాన్ కలిపేవాళ్ళు, 2023 నుంచి మామిడి పంట మీద దానికి అనుమతి లేదు. లీటరు నీటికి 100 గ్రాముల బెల్లం, మామిడిలో అనుమతి ఉన్న మందు డబ్బా మీద ఉన్న మోతాదులో కలిపి చెట్టు మొదలు మీద, కాండం మీద మాత్రమే పెద్ద చుక్కలుగా పడేలా కొట్టండి. కాయల మీద వద్దు. వాన పడితే మళ్ళీ కొట్టాలి. తేనెటీగల పెట్టెలు దగ్గరుంటే దీన్ని మానేయండి.

6. రాలిన కాయలు రోజూ ఏరండి. దీన్ని పనికిరాని చాకిరీ అనుకునేవాళ్ళే ఎక్కువ, నిజానికి ఈ జాబితాలో దీనికన్నా విలువైన పని లేదు. రాలిన కాయలోని పురుగు బయటికి వచ్చి రెండు మూడంగుళాల లోతున మట్టిలో కోశస్థ దశకు పోతుంది, అక్కడి నుంచి కొత్త ఈగ. కాయలను మందమైన పాలిథిన్ సంచుల్లో మూతి బిగించి వారం పది రోజులు ఎండలో పెట్టండి, లేదా రెండడుగుల లోతున పూడ్చండి. పేడ దిబ్బ మీద, వంక గట్టున పారేస్తే ఈగ మళ్ళీ మీ తోటకే వస్తుంది.

పక్క తోటలవాళ్ళు కట్టకుండా మీరొక్కరే బుట్టలు కడితే, వాళ్ళ తోటలో కలిసిన ఆడ ఈగలు మీ కాయల మీదికి వస్తాయి. నాలుగైదు తోటలవాళ్ళు ఒకే వారంలో కట్టడం, ఒకే రోజు చెక్కలు మార్చడం చేస్తే తేడా కనిపిస్తుంది. ఊళ్ళోని రైతు సేవా కేంద్రంలో అందరూ కలిసి ఎరలు తెప్పించుకుంటే ఒకే రకం, ఒకే తేదీవి దొరుకుతాయి.

వేప కషాయం: పిల్ల పురుగు నోటికి చేదు

1. జూన్, జులైలో రాలిన వేప పండ్ల గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టండి. ఎండలో వేస్తే, బూజు పడితే, ఏడాది దాటితే మందు తగ్గిపోతుంది.
2. 5 కిలోల గింజల పొడిని గుడ్డలో వదులుగా మూట కట్టి 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టండి.
3. పొద్దున మూటను పాల తెలుపు ఆగిపోయే దాకా పిండి, రెండుసార్లు వడకట్టండి. ఒకసారే వడకడితే స్ప్రేయర్ ముక్కు మూసుకుపోతుంది.
4. 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేసి, అదే రోజు సాయంత్రం కొట్టండి. మిగిలినది మర్నాటికి దాచవద్దు.

కొట్టిన మర్నాడు చచ్చిన పురుగుల కోసం వెతికి, లేవని నిరాశపడి, ఘాటు మందుకు పోవడం అందరూ చేసే పొరపాటు. వేప చంపే ముందు తిననివ్వదు, తర్వాత పురుగు కుబుసం విడవకుండా చేస్తుంది. చూడాల్సింది కొత్త రంధ్రాలు, కొత్త రెట్ట. పెద్ద పురుగుల మీద ఇది పని చేయదు, పిల్ల పురుగుల దశలోనే కొట్టాలి.

కషాయం బలం తెలుసుకోవడానికి ఇంట్లో చేసే పరీక్ష ఉంది. రెండు లేత ఆముదం ఆకులు తీసుకోండి. ఒకటి కషాయంలో, ఒకటి ఉత్త నీటిలో ముంచి నీడలో అరగంట ఆరబెట్టండి. రెండు గిన్నెల్లో వేసి, ఆముదం మీద ఏరిన చిన్న లద్దె పురుగులు అయిదేసి వదిలి, పల్చటి గుడ్డ కట్టండి. పొద్దుటికి నీటి ఆకు చిల్లులు పడి, కషాయం ఆకు దాదాపు అలాగే ఉంటే కొట్టవచ్చు. రెండూ సమానంగా తిని ఉంటే ఆ గింజలు పాతవి, స్ప్రే చేసి కూలి దండగ చేసుకోకండి.

ఫలితం చూసుకోవడం

ఎర మంచిదో కాదో తేల్చాలంటే, కొత్త ఎర పెట్టిన బుట్ట పక్కనే, అరవై అడుగుల దూరంలో, ఎర లేని బుట్ట ఒకటి మూడు రాత్రులు ఉంచండి. ఎర ఉన్నదానిలో పురుగులు పడి, లేనిదానిలో పడకపోతే ఎర పని చేస్తున్నట్టే. రెండింటిలోనూ ఏమీ లేకపోతే చేలో ఆకుల మీద గుడ్లున్నాయేమో చూడండి. గుడ్లుండి బుట్ట ఖాళీగా ఉంటే తప్పు ఎరదో, ఎత్తుదో, రబ్బరు బ్యాండుదో. గుడ్లు కూడా లేకపోతే పురుగే రాలేదు.

బుట్టలో పడినవాటి కుప్ప చూసి పంట దక్కిందనుకోవద్దు. కోత రోజున చేను నాలుగు మూలలా, నడుమా కలిపి 100 కాయలు తీసి, తొలిచినవి ఎన్నో లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. మామిడిలో 50 కాయలు కోసి చూడండి, పైకి బాగున్న కాయలో కూడా పురుగు ఉంటుంది. ఆ అంకె పక్కన బుట్టల లెక్క, ఎర మార్చిన తేదీలు, గాలివాన పడిన రాత్రులు రాసి ఉంటే, వచ్చే కారులో ఏ వారం చేలో తిరగాలో మీకే తెలుస్తుంది. పురుగు ఏదో గుర్తు పట్టలేకపోతే బతికున్నదాన్ని చిన్న డబ్బాలో, తింటున్న ఆకుతో సహా, తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకెళ్ళి చూపించండి. చచ్చి ఎండిన పురుగును చూసి చెప్పడం కష్టం.

పంట అయ్యాక బుట్టలు విప్పి సబ్బు నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఏ బుట్టలో ఏ పురుగు ఎర పెట్టారో మూత మీద పెయింటుతో రాసి, వచ్చే కారులో దానికే వాడండి. పాత వాసన ప్లాస్టిక్‌లో ఇంకిపోయి ఉంటుంది, టమాటా బుట్టను వరికి మారిస్తే మళ్ళీ ఖాళీ బుట్టే.